కింది శ్రుతి

అన్నం కుక్కరు గడపను నమ్మడం లేదు.

దాలినాయుడు వంటగది నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుక్కరు అడుగునున్న మీటను బొటనవేలితో నొక్కిపట్టాడు. ఆకుపచ్చ దీపం మిణుక్కుమని ఆరిపోయింది. వీధి తలుపు పక్కన గోడలో ఇమిడి ఉన్న గడప, ఆ తెల్లటి పలక, ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. అతను మణికట్టుకున్న మేస్త్రి తాళాన్ని పలకకు ఆనించి, "ఇది ఈ ఇంటిదే. పూచీ నాది" అన్నాడు. కాసేపటికి పలక అంచున సన్నటి వెలుగు పాకింది. కుక్కరు చిన్నగా కూసింది.

"అయిపోయిందాండీ?" అంది ఇంటావిడ.

"అయిపోనాదమ్మా. ఇంక అదీ గడపా మాటాడుకుంటాయి. బియ్యం మాత్రం మీరే కడగాలి."

ఆవిడ నవ్వి మజ్జిగ ఇచ్చింది. దాలినాయుడు తాగి, సంచీ భుజాన వేసుకుని వరండాలోకి వచ్చాడు. పరిచయం లేని వస్తువుకు ఇంట్లో కరెంటు ఉంటుంది గాని మాట ఉండదు. మాట లేని వస్తువు ఈ రోజుల్లో చెక్కముక్కతో సమానం. అందుకే సాగరకొండ టవర్లలో గడప మేస్త్రికి ఖాళీ ఉండదు. కొత్త ఫ్యాను, కొత్త మంచం, బీపీ చూసే పట్టీ, ఏది కొన్నా మేస్త్రి వచ్చి గడపకు పరిచయం చేయాల్సిందే.

వరండా చివరి నుంచి సముద్రం కనిపిస్తుంది. ఒకప్పుడు భీమిలి వైపు వెళ్ళే రోడ్డు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఆ రోడ్డు పొడుగునా ఉన్న పేటల వాళ్ళంతా ఇప్పుడు ఈ టవర్లలో, ఒకరి మీద ఒకరుగా ఉంటున్నారు. మణికట్టు మీద తర్వాతి పని వెలిగింది.

పరిచయం. పరికరం: ప్రింటర్.

దాలినాయుడు దాన్ని మళ్ళీ చదివాడు. ప్రింటర్‌ని పరిచయం చేసి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

తలుపు తీసిన మనిషి పొట్టిగా, బక్కగా, జుట్టంతా తెల్లబడి ఉంది. పేరు వరహాలమ్మ. అతను లోపలికి అడుగుపెడుతూండగానే, "ఒక్కడివే వొచ్చేవా బాబూ? పెద్ద పనేమో అనుకున్నాను" అంది.

"ప్రింటర్ ఎక్కడుందమ్మా?"

బల్ల మీద పాత చీర కప్పి ఉంది. ఆమె చీర తీసింది. బూడిదరంగు పెట్టె. మూత మీద చిన్న కిటికీ, పక్కన నాలుగు బాణం మీటలు, వాటి కింద గొడుగులాంటి గుర్తుతో ఇంకో మీట. వైర్లెస్ మీట. దాలినాయుడికి తెలియకుండానే ముఖం విప్పారింది. పని నేర్చుకున్న కొత్తలో ఇలాంటివి చాలా చూశాడు.

"మా ముత్యాలుది. నా కవల చెల్లిది. పెందుర్తిలో ఫోటో స్టూడియో ఉండీది దానికి. పాస్‌పోర్టు ఫోటోలూ, పెళ్ళి ఫోటోలూ. స్టూడియో మూసీసినప్పుడు అన్నీ అమ్మీసి దీన్నొక్కదాన్నీ తెచ్చుకుంది. ఇంకు నింపించేను. కాగితాలూ ఉన్నాయి. ఇంక పనిచెయ్యడమే."

అతను ప్లగ్గు పెట్టాడు. పెట్టె లోపల ఏదో కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పరుగెత్తి ఆగింది. వరహాలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చప్పుడు వింది. ఇంకు చిమ్మే తలలను శుభ్రం చేసే మీట నొక్కితే ఒక కాగితం చారలు చారలుగా బయటికి వచ్చింది. నలుపు బాగుంది. ఎరుపు కాస్త తడబడుతోంది. అయినా బతికే ఉంది.

వైర్లెస్ మీటను నొక్కిపట్టాడు. నీలం దీపం మినుకు మినుకుమంటూ వెతకసాగింది. కిటికీలో ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: నెట్‌వర్క్ ఏదీ దొరకలేదు.

గడప దగ్గరగా పెట్టి చూశాడు. ఆపి మళ్ళీ వేసి చూశాడు. తాళం ఆనించి పూచీ పడ్డాడు. గడపకు పూచీ అందింది గాని, ఎవరికోసమో అర్థం కాలేదు.

"కుదరదమ్మా" అన్నాడు చివరికి. "మీ ప్రింటర్లో లోపం లేదు. ఇది కింది శ్రుతిలోనే వింటాది. గడపలన్నీ పై శ్రుతిలో మాటాడతాయి. ఇది పక్కనే ఉన్నా దానికి వినపడదు."

"గడపనే కాస్త కిందికి మాటాడమను."

"ఇళ్ళకి కింది శ్రుతి మూసీసేరు. లిఫ్టులూ, నీళ్ళ కవాటాలూ, మంటల గంటలూ అందులో ఉంటాయి. తెరవాలంటే కింద సింహద్వారంలోనే, టవరంతటికీ ఉన్న పెద్ద గడపలోనే తెరవాలి. అది నాలాంటోడు సెయ్యకూడని పని."

వరహాలమ్మ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. గోడ వైపు చెయ్యి చూపించింది. గోడ నిండా ఫోటోలు మెల్లగా వెలుగుతున్నాయి. అన్నింటిలోనూ ఇద్దరు ఆడవాళ్ళు. రెండు జడల వయసులో, పెళ్ళి వయసులో, జుట్టు నెరిసిన వయసులో.

"ఎవరు ముత్యాలో సెప్పు సూద్దాం."

దాలినాయుడు దగ్గరికి వెళ్ళాడు. అచ్చు గుద్దినట్టున్నారు. "కవలలు కదమ్మా, నాకెలగ తెలుస్తాది?" అన్నాడు.

"నీకే కాదు, నాకూ తెల్దు ఇప్పుడు. ఎందుకంటే ఆ రెండూ నేనే."

అతను వెనక్కి తిరిగాడు.

"ముత్యాలు సచ్చిపోయిన ఏడే ఇది మొదలయినాది. ముందు దాని నుదుటి మీద గాటు పోయింది. చిన్నప్పుడు నూతి గట్టు మీద పడింది అది. సర్లే, వెలుతురు అలగ పడిందేమో అనుకున్నాను. తర్వాత పన్ను మీద పన్ను పోయింది. మొన్న చూస్తే కళ్ళు కూడా నావే. ఏకస్మృతికి ఫోను చేసేను. ఏటన్నారో తెలుసా? ముఖాలు పోలి ఉన్నాయండి, రెండు దాచడం దండగ, ఒకటి దాచి రెండు చోట్లా చూపిస్తున్నాం అన్నారు. మర్యాదగానే సెప్పేరు."

దాలినాయుడికి కుదింపు సంగతి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఏకస్మృతి ప్రాంతమంతటి జ్ఞాపకాన్నీ ఒక్కచోట మోస్తుంది. ఎండాకాలం కరెంటు ఎద్దడి మొదలవగానే విడతలు విడతలుగా కుదింపు నడుస్తుంది. ఆకాశాలన్నీ ఒకే ఆకాశం అవుతాయి. ఇసుక అంతా ఒకే ఇసుక అవుతుంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"అద్దంలో సూసుకో, మీ చెల్లి కనపడతాది అనీవోరు అందరూ" అంది వరహాలమ్మ. "నాకు ఒక్కనాడూ కనపడలేదు బాబూ. అది నన్ను సూసేటప్పుడు దాని మొకం వేరేగుండీది. అద్దంలో మొకం అలగ సూడదు కదా."

ఆమె లేచి అలమారలోంచి ఒక పాత హ్యాండ్‌సెట్ తెచ్చింది. ముత్యాలు బట్టల మధ్య దొరికిందట. ఛార్జింగ్ పెట్టగానే అది ఎప్పటి పరిచయంతోనో గడపను గుర్తుపట్టి, తనలో ఉన్నదంతా గడపకు అప్పజెప్పి ఖాళీ అయిపోయింది. గడపను కలిశాక పరికరాలు దేన్నీ దాచుకోవు. దాచుకునేది గడప ఒక్కటే. ఆ హ్యాండ్‌సెట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది. ఇప్పుడది గడపలో ఉంది. సాయంత్రం దీపాల వేళకు ఈ టవరుకు విడత వస్తుంది. అప్పుడు ఇందులోనూ ముఖాలు ఒకటైపోతాయి.

ఆమె గోడ మీద ఆ ఫోటో తెరిపించింది.

స్టూడియో మూసేసిన రోజు తీసింది. సగం దించిన షట్టరు. దాని ముందు వరహాలమ్మ చిరాగ్గా చూస్తూ నిలబడి ఉంది. పక్కన ఇంకొకామె షట్టరు పట్టుకుని, ఒళ్ళు మరిచిపోయి నవ్వుతోంది. నవ్వుకి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పన్ను మీద పన్ను కనిపిస్తోంది. నుదుటి మీద గాటు ఉంది. ఇద్దరూ ఒకే మనిషి అని ఎవరూ అనరు.

"దీనికి ఫోటో తీసుకుంటేనో?" అన్నాడు దాలినాయుడు. అడుగుతూండగానే జవాబు అతనికే తెలిసింది.

"తీసేను. అదీ అక్కడికే పోతాది కదా. కాగితం ఒక్కటే పోదు."

వరండాలోకి వచ్చి శర్వాణి మేడానికి ఫోను చేశాడు. సాగరకొండ మేస్త్రీలందరికీ ఆమె పర్యవేక్షకురాలు. గట్టి మనిషి, అన్యాయం చెయ్యదు.

"మేడం, ఒక్క ఇంటికి కింది శ్రుతి తెరవడానికి వీలవుతుందాండీ?"

"ఒక్క ఇంటికంటూ ఉండదు నాయుడు గారూ. సింహద్వారంలో తెరిస్తే టవరంతా తెరుచుకుంటుంది. ఏం పరికరం?"

"ప్రింటర్. ఫోటో తీసుకోవాలట."

"ఫోటో ఏకస్మృతిలో ఉంటుందిగా."

"ఉంటాదండీ. కానీ అదే ఫోటోగా ఉండదు."

"కుదింపు ఆపితే వేసవిలో ఆస్పత్రులకి కరెంటు చాలదు. మీకు తెలియంది కాదు. అభ్యంతరం నమోదు చేయించండి, విచారణకి వస్తుంది."

"విడత ఈ సాయంత్రమేనండీ."

"అయితే నేను చేసేదేం లేదు. తెరవొద్దని చెప్పాల్సింది నేను. చెప్పాను."

ఫోను పెట్టేశాక అతను వెంటనే లోపలికి వెళ్ళలేదు. అరచేతిలో తెర తెరిచి, పోయిన అమ్మ ఫోటోలు చూపించమని ఏకస్మృతిని అడిగాడు. చూసి చాలాకాలమైంది. ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి అన్న ధీమా.

అమ్మ వచ్చింది. సింహాచలం మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెంతో. కళ్ళు అవే. చీర అదే. ఎడమ చెంప నున్నగా ఉంది.

ఆ చెంప నున్నగా ఉండేది కాదు. గారెలు వేస్తూంటే నూనె చింది, చింతపిక్కంత మచ్చ పడింది. రాత్రిళ్ళు పక్కలో పడుకుని, ఆ మచ్చ మీద వేలు రుద్దుతూ అతను నిద్రపోయేవాడు. రుద్దకపోతే నిద్ర వచ్చేది కాదు. ఇంకో ఫోటో అడిగాడు. ఇంకొకటి. అక్క పెళ్ళిలో, ఆస్పత్రి మంచం మీద, అన్నిటిలోనూ చెంప శుభ్రంగా ఉంది. కుదింపుకు అది మరక అనిపించి ఉంటుంది. ఏ విడతలో తుడిచేసిందో కూడా అతనికి తెలియదు. మచ్చ వేలికి గుర్తుంది. కంటికి చూపించడానికి మాత్రం ఎక్కడా ఆధారం లేదు.

పైన గాలికి ఎవరివో ఆరేసిన బట్టలు టపటపలాడుతున్నాయి. లిఫ్టు వచ్చి, ఎవరూ ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. దాలినాయుడు తెర మూసి, మెట్ల దారిలో కిందికి దిగాడు.

సింహద్వారం టవరు అడుగున, నీళ్ళ పంపుల పక్క గదిలో ఉంటుంది. మనిషి ఎత్తు పలక. పరీక్ష కోసం మేస్త్రి తాళంతో ఏ శ్రుతినైనా కాసేపు తెరవొచ్చు. తెరిచినవాడు దానికి జవాబుదారీ అవుతాడు. అతను తాళం ఆనించి కింది శ్రుతిని ఎంచాడు.

"మేస్త్రి గారూ, నమస్కారం" అంది సింహద్వారం. "మీరు కోరినది కింది శ్రుతి. కారణం తెలియజేయండి."

"ఒక పరిచయం ఉంది."

"కింది శ్రుతిలో గృహ పరికరాలకు అనుమతి లేదు. పరీక్ష నిమిత్తం తెరవాలా?"

"తెరువు."

"మీ పూచీ నమోదైంది."

లిఫ్టులు ఆగలేదు. పంపులు ఆగలేదు. ఏమీ జరగనట్టే ఉంది. అతను ఒకేసారి రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చేసరికి ఊపిరి అందలేదు. వరహాలమ్మ ప్రింటర్ ముందు కూర్చుని ఉంది. దాని కిటికీలో ఒక పేరు కనిపిస్తోంది. ఆ ఇంటి గడప పేరు.

"ఇది ఇంటి రహస్యమాట అడుగుతుందమ్మా. మీది సెప్పండి."

ఆమె నేల చూపులు చూసింది. "అది పెట్టింది ముత్యాలే. మార్చలేదు నేను."

"పర్లేదు, సెప్పండి."

"వరాలు మొద్దు" అంది. "నన్నలగే పిలిసీది. అన్నీ కలిపి రాయాలి."

దాలినాయుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా నవ్వింది. ఆ పెట్టెలో తెలుగు లేదు. బాణం మీటలతో ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ వెళ్ళాలి. ఒక అక్షరం దాటిపోతే మళ్ళీ చుట్టంతా తిరిగి రావాలి. మొదటిసారి చివర్లో తప్పు పడింది. రెండోసారి ఆమె పక్కన కూర్చుని ఒక్కో అక్షరమూ పలికింది, తనను తానే తిట్టుకుంటున్నట్టు, ముద్దుగా. నీలం దీపం మినుకులు ఆపి నిలకడగా వెలిగింది.

"పరిచయం నడుస్తోంది" అంది గడప.

వరహాలమ్మ గోడ మీది ఫోటోని ప్రింటర్‌కి పంపమంది. కాగితం లోపలికి జారింది. ముందు ఆకాశం వచ్చింది. పెందుర్తి ఆకాశం, కొంచెం మాసినట్టుగా. తర్వాత షట్టరు పై అంచు. తలలు. నుదుటి మీద గాటు వచ్చింది. మూసుకున్న కన్ను వచ్చింది. ఎరుపు సరిగా పడక రెండు చోట్ల గీతలు పడ్డాయి. పన్ను మీద పన్ను వచ్చింది. చివరికి చెప్పుల్లేని పాదాలతో సహా అంతా బయటికి వచ్చింది.

ఆమె కాగితాన్ని అంచులు పట్టుకుని ఎత్తింది. ఇంకు ఇంకా తడిగా ఉంది. వేలు తగలనీయకుండా కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"ఎక్కడికెల్లిపోనావే" అంది.

దాలినాయుడు గడప వైపు తిరిగాడు. పని అయింది. కిందికి దిగి మూసెయ్యాలి. ఆస్పత్రుల విషయంలో శర్వాణి మేడం అబద్ధం చెప్పలేదు. చిన్న పరీక్ష అని రాస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అతను సంచీ భుజాన వేసుకున్నాడు.

అప్పుడే మణికట్టు మీద సింహద్వారం మాట్లాడింది.

"మేస్త్రి గారూ, కింది శ్రుతిలో అపరిచిత పరికరాలు పరిచయం కోరుతున్నాయి. ఆరో అంతస్తు, ఒక ప్రింటర్. పదో అంతస్తు, ఒక ప్రింటర్. రెండో అంతస్తు, ఒక కెమెరా. తిరస్కరించమంటారా?"

అతను ఆగిపోయాడు. గది మూలల్లో, మంచాల పక్కన, పారెయ్యలేక పెట్టుకున్నవి. ప్లగ్గులో ఉండి కూడా ఏళ్ళ తరబడి ఎవరూ పలకరించనివి. వాటన్నిటికీ ఒక్కసారిగా తమ పాత మాట వినిపించింది.

"ఎన్ని ఉన్నాయి?"

"పెరుగుతున్నాయి. సాయంకాలపు విడత సమయమైంది. పరిచయాలు పూర్తయ్యే వరకు గడపల్లోని జ్ఞాపకాన్ని కదపరాదన్నది నియమం. కాబట్టి విడత నిలిచి ఉంది. తిరస్కరించమంటారా?"

ఆ నియమం అతనికి తెలుసు. మేస్త్రీలకు మొదటి రోజే నేర్పిస్తారు. పరిచయం జరుగుతూండగా జ్ఞాపకం కదిలితే రెండూ చెడతాయి. ఒక ఇంట్లో ఒక పరిచయానికి కాసేపే పడుతుంది గనుక, విడత ఆగిందని ఎవరికీ ఎప్పుడూ తెలియలేదు. టవరంతా ఒకేసారి పరిచయం అడుగుతుందని ఎవరూ ఊహించలేదు.

వరహాలమ్మ కిటికీ దగ్గర నుంచి అతని వైపు చూస్తోంది. కాగితాన్ని గుండెకు దూరంగా, తడి ఆరేలా పట్టుకుని ఉంది. ఆమెకు కావలసింది దొరికింది. అతనికి కావలసింది ఏ విడతలోనో పోయింది, ఏ ప్రింటరూ దాన్ని తిరిగి ఇవ్వజాలదు.

"వద్దు" అన్నాడు. "తిరస్కరించకు. ఒక్కొక్కటే రానియ్యి."

"అన్నిటికీ పూచీ ఎవరిది?"

"నాది."

వరండాలో తలుపులు తెరుచుకుంటున్న చప్పుళ్ళు మొదలయ్యాయి. ఎవరో ఎవర్నో కేకేస్తున్నారు, "మన పాత ప్రింటరు దానంతటదే తిరుగుతాందిరా, రా సూడు" అని. మెట్ల మీద అడుగులు వినిపించాయి. మణికట్టు మోగింది. శర్వాణి మేడం.

"తెరిచారు" అందామె. అడగలేదు, చెప్పింది.

"తెరిచేనండీ."

"విడత నిలిచిపోయింది. పైనుంచి నాకు ఫోను వచ్చింది. ఎప్పుడు మూస్తారు?"

"పరిచయాలవ్వాలి కదండీ."

"మీ తాళం రద్దవుతుంది నాయుడు గారూ. తెలుసు కదా?"

"తెలుసండీ."

"మీరు మూయకపోతే నేను స్వయంగా వచ్చి మూయాలి. వేరే ఎవరికీ ఆ అధికారం లేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఈ పూట నాకు రావడానికి కుదరదు. రేపు పొద్దున వస్తాను."

ఫోను ఆగిపోయింది.

తలుపు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. లుంగీ మీదున్నాడు, చేతుల్లో దుమ్ముపట్టిన పెట్టె ఒకటి. తీగ నేల మీద ఈడుస్తోంది. వెనక ఇద్దరు ముగ్గురు తొంగి చూస్తున్నారు. "మీరు కాగితాలు కొని పెట్టుకున్నారటండీ" అన్నాడు మొహమాటంగా. "మా పాపవి. నాలుగు ఫోటోలు చాలు."

వరహాలమ్మ ముత్యాలు ఫోటోని బల్ల మీద వెల్లకిలా పరిచి, పక్కనున్న కాగితాల కట్ట విప్పింది.

"లోపలికి రండి" అన్నాడు దాలినాయుడు. పెట్టె అందుకుని నేల మీద పెట్టి, దాని వైర్లెస్ మీట ఎక్కడుందా అని చేత్తో తడమసాగాడు.